ముగ్గురు మగాళ్ళూ ఒక్క సెంటు సీసా

ఇది అక్షరాలా జరిగిన సంగతి. ఇందులో ఒక్క ముక్క కల్పితమైతే ఈ పూట నా కాఫీలో పంచదార బదులు ఉప్పు పడాలి. ఉప్పేం ఖర్మ, ఇసక పడాలి. కుంచాలవలసలో ఎవర్నడిగినా ఇదే చెబుతారు. కాకపోతే వాళ్ళు మొహమాటానికి కొంచెం తగ్గించి చెబుతారు. నేను ఉన్నదున్నట్టు చెబుతాను, అంతే తేడా.

ఆ ఊళ్ళో ముగ్గురన్నదమ్ములు. పెద్దవాడు గవరయ్య, నడిపివాడు సన్యాసి, చిన్నవాడు పైడిరాజు. తమ తెలివంటే ముగ్గురికీ మహా గర్వం. తెలివి రోజూ వాడితే అరిగిపోతుందని వంతులేసుకున్నారు. ఒకరోజు గవరయ్య ఆలోచిస్తాడు, మర్నాడు సన్యాసి, ఆ మర్నాడు పైడిరాజు. వంతు లేనివాళ్ళ బుర్రలకి ఆ రోజు సెలవు. ఆదివారం మాత్రం ముగ్గురికీ సెలవే.

ఒకసారి కుంభవృష్టి కురుస్తుంటే, తమ బావి తడిసి పాడైపోతుందని తాటాకు గొడుగులు పట్టుకుని వాన వెలిసేదాకా బావి చుట్టూ నిలబడ్డారు. వెలిశాక ఇంటికొచ్చి, "పాపం, ఊళ్ళో మిగతా వాళ్ళ బావులన్నీ తడిసిపోయుంటాయి" అని జాలిపడ్డారు కూడా. సన్యాసి పెళ్ళెందుకు చేసుకోలేదనుకున్నారు? పిల్లనిస్తామని వచ్చిన వాళ్ళతో, "మా నాన్న నాకు సన్యాసని పేరు పెట్టాక ఆయన మాట నేనెలా కాదంటానండీ?" అన్నాడు. వాళ్ళు తమలపాకులు సర్దుకుని వెళ్ళిపోయారు.

వాళ్ళ పని వంటాముదం తీయడం. గింజలు వేయించి, దంచి, ఇంత పెద్ద బానలో నీళ్ళు పోసి ఉడకబెట్టి, పైకి తేలిన ఆముదాన్ని గరిటెతో తీస్తారు. తాతల నాటి నుంచీ అదే పని. అందుకని ఆ వాసన వాళ్ళకి ఒంటికి పట్టింది కాదు, ఎముకలకి పట్టింది. వాళ్ళ ఇంటి మీదుగా ఎగిరే కాకులు గాల్లోనే జారేవి. వాళ్ళు గుళ్ళోకి వెళితే దీపాలు వాటంతటవే పెద్దగా వెలిగేవి. ఆ వీధిలో ఇళ్ళున్న వాళ్ళకి ఏ మందూ లేకుండానే కడుపులు శుభ్రంగా ఉండేవి. ఆ వీధికి డాక్టరు రావడమే మానేశాడు.

ఇలా ఉండగా పైడిరాజు తీర్థానికి వెళ్ళాడు. అక్కడ ఒక పిల్ల ఖర్బూజా పళ్ళ గంప ముందు నిలబడి, చెయ్యి తగలకుండా ఒట్టి ముక్కుతో బేరమాడుతోంది. "ఇది పండింది. ఇది రేపటికి పండుతుంది. ఇదిగో, ఇది నీ జన్మలో పండదు, తీసి పక్కన పెట్టు," అంటోంది. పళ్ళవాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పైడిరాజూ చూశాడు. ఇంకేముంది! ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, నోరనుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

వరాలమ్మకి అర్థమైపోయింది. వరాలమ్మంటే గవరయ్య భార్య. ఆ ఇంట్లో అసలు తెలివున్నది ఆవిడకొక్కత్తికే. ఆవిడ మాట ముగ్గురూ జవదాటరు. ఏది చెబితే అది, అక్షరం పొల్లు పోకుండా చేస్తారు. ఆవిడ కష్టాలన్నీ అక్కడే మొదలవుతాయి.

"ఆ పిల్లెవరో నాకు తెలుసు," అంది వరాలమ్మ. "మా నాగళ్ళపేట దాలినాయుడి గారి కూతురు నూకరత్నం. మా పుట్టింటి వీధే. నేనడిగి చూస్తాను."

వెళ్ళి అడిగొచ్చింది. వచ్చి చెప్పింది కదా: "మనిషి నల్లగా ఉన్నా ఫరవాలేదట, పొట్టిగా ఉన్నా ఫరవాలేదట, తెలివి తక్కువైనా సర్దుకుంటుందట. ఆముదం కంపు మాత్రం కొట్టకూడదట. అవతల రైసుమిల్లు గుమాస్తా వాళ్ళు కూడా అడుగుతున్నారు. ఈ చూపులు చెడితే పిల్ల అటే. ఇంక మరో మాట లేదు."

పైడిరాజు మొహం వాడిన తోటకూరలా వేలాడిపోయింది. "వదినా, నాకు ఆ పిల్లే కావాలి. లేకపోతే నేనూ సన్యాసి పేరు పెట్టేసుకుంటాను," అన్నాడు.

"ఒక ఇంట్లో ఇద్దరు సన్యాసులుంటే పిలిచేటప్పుడు చిక్కురా," అన్నాడు సన్యాసి.

"పట్నం వెళ్ళండి," అంది వరాలమ్మ. "గంటస్తంభం అవతల గఫూర్ సాయిబని సెంట్లమ్మే ఆయనుంటాడు. మగాళ్ళు పూసుకునే మంచి సెంటొకటి తెచ్చుకోండి. ఆయన ఎలా పూసుకోమంటే అలా పూసుకోండి. మీ తెలివి అందులో కలపకండి."

"చస్తే కలపం," అన్నాడు గవరయ్య. "ఇంట్లోకే చాలడం లేదు, పట్నంలో ఎందుకు పారబోస్తాం?"

అంతే, ముగ్గురూ బయల్దేరారు. సాయిబు కొట్టు అగ్గిపెట్టంత. అందులో సీసాలు మాత్రం ఆకాశంలో చుక్కలన్ని. వీళ్ళు గుమ్మంలో అడుగు పెట్టగానే సాయిబు గడ్డం ఒక్కసారి వణికింది. అంత ఘాటు! కానీ పెద్దమనిషి, ఏమీ అనలేదు.

"ఏం కావాలి బాబూ?"

"మంచి వాసన కావాలండి," అన్నాడు గవరయ్య.

"ఎవరికి?"

"ముక్కుకండి," అన్నాడు సన్యాసి. ఇన్నాళ్ళ నుంచి కొట్టు నడుపుతూ ఈయనకి ఇదీ తెలియదా అని లోపల్లోపల బాధపడ్డాడు.

సాయిబు నవ్వి, వెనకాల సిగ్గుపడుతున్న పైడిరాజు వైపు తిరిగాడు. "పెళ్ళికొడుకువి నువ్వేనా బేటా? విను. ఎండాకాలంలో చలవ వాసనలు వెయ్యాలి. నిమ్మ, వట్టివేరు అలాంటివి. చలికాలంలో గంధం, కస్తూరి. ఎండలో కస్తూరి పూసుకుని బయల్దేరావనుకో, పక్కనున్న వాడు కళ్ళు తిరిగి పడిపోతాడు."

"పక్కవాణ్ణి ముందే పడుకోబెట్టేస్తే సరి కదండీ," అన్నాడు సన్యాసి.

"ఇంకో మాట. సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి సెంటు ఎంచుకోకూడదు. సీసాలో ప్రతిదీ నవాబే. ఒంటి మీద వేసుకుని, గాలి తగిలేచోట కాసేపు నిలబడి రావాలి. మనిషి వేడికి దాని అసలు గుణం బయటపడుతుంది," అని ముగ్గురి చేతుల మీదా తలో రకం చుక్క వేశాడు.

బయటికొచ్చి చూస్తే బజార్లో ఆకు కదలడం లేదు. "బాబూ, ఇక్కడ గాలి ఎక్కడుంటుంది?" అని ఎదురైన ప్రతివాణ్ణీ అడిగారు. ఎవడో ఆకతాయి బట్టల కొట్టు చూపించాడు. అక్కడ బల్ల మీద ఫ్యాను తిరుగుతోంది. ముగ్గురూ వెళ్ళి దాని ముందు చేతులు చాపుకుని నిలబడ్డారు.

"ఏం చూపించమంటారు? పంచెలా, తువ్వాళ్ళా?" అన్నాడు కొట్టు యజమాని.

"ఏమీ వద్దండి. మీ పని మీరు చేసుకోండి. మేం ఆరుతున్నాం," అన్నాడు గవరయ్య.

ఫ్యాను గాలికి గంధం, నిమ్మ, వట్టివేరు కొట్టంతా పరుచుకున్నాయి. ఆ మూడింటి మీదెక్కి ఆముదం పరుచుకుంది. పట్టుచీర బేరమాడుతున్న పెళ్ళివారు చీర అక్కడే వదిలేసి లేచిపోయారు. కొట్టు యజమాని ఫ్యాను ఆపేశాడు. వీళ్ళు ఆయనకి దండం పెట్టి, "గాలి బాగుందండీ, మీ మేలు మరిచిపోం," అని వచ్చేశారు.

"ఏది నచ్చింది?" అన్నాడు సాయిబు.

గవరయ్యకి వేసింది గంధం. "ఇది వాసన చూస్తుంటే నన్ను నేనే పూజ చేసుకోవాలనిపిస్తోందండి, నాకొద్దు," అన్నాడు. సన్యాసికి వేసింది నిమ్మ. "నాకు ఆకలేస్తోంది," అన్నాడు. పైడిరాజు మాత్రం చెయ్యి ముక్కుకి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఇది మా వదిన ఎండాకాలం కొత్త కుండలో పోసే నీళ్ళలా ఉందండి," అన్నాడు. అది వట్టివేరు.

సాయిబు మొహం వెలిగిపోయింది. "నీకు ముక్కుంది బేటా!" అన్నాడు.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముగ్గురికీ ముక్కులున్నాయి. పాపం, ఈయనకి చూపు సరిగ్గా ఆనదు కాబోలనుకున్నారు.

సాయిబు పై అరలోంచి చిన్న సీసా తీశాడు. "ఇది తీసుకో. పాతకాలపు కూర్పు. పూసుకోగానే ముందు నిమ్మకాయ పలకరిస్తుంది. దాని వెనకాల మరువం వచ్చి కబుర్లు చెబుతుంది. వాళ్ళిద్దరూ వెళ్ళిపోయాక వట్టివేరు వచ్చి కూర్చుంటుంది. అదీ అసలు పెద్దమనిషి. శుభ్రంగా స్నానం చేసి, నాడి కొట్టుకునే చోట ఒక్కొక్క బొట్టు వెయ్యండి. మణికట్ల మీద, మెడ మీద, చెవుల వెనకాల. వేశాక రుద్దకూడదు, రుద్దితే సెంటు చచ్చిపోతుంది. చెయ్యి చాపితే అందేంత దూరం వరకే వాసన తెలియాలి. అది దాటి వీధిలోకి పోయిందంటే అది మర్యాదస్తుడి సెంటు కాదు. సీసాకి ఎండ తగలనివ్వకండి."

ముగ్గురూ ఆ మాటలు వల్లించుకుంటూ ఇంటికొచ్చారు. సీసాకి ఎండ తగలకుండా గవరయ్య గొడుగు పట్టాడు. ముగ్గురూ మాత్రం ఎండలో కమిలిపోయారు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఇంట్లోకి ఏది వచ్చినా ముగ్గురికీ సమానంగా పంచాలి. దోసకాయ వస్తే మూడు ముక్కలు. తలనొప్పి బిళ్ళ వస్తే, నొప్పి ఒకడిదైనా సరే, మూడు ముక్కలు. ఒకసారి పోస్టుమేన్ గవరయ్యని తిడితే, మిగతా ఇద్దరూ పరిగెత్తుకెళ్ళి తమ వంతు తిట్లు కూడా తిట్టించుకుని వచ్చారు. అలాంటిది సెంటుని వదులుతారా?

"మణికట్లు నావి," అన్నాడు గవరయ్య. "పెద్దవాణ్ణి. మెడ సన్యాసిది. చెవుల వెనకాల చిన్నాడిది."

"సంబంధం నాది కదా అన్నయ్యా?" అన్నాడు పైడిరాజు బిక్కమొహం వేసి.

"సంబంధం నీదేరా. కాదన్నదెవరు? సెంటు ఉమ్మడిది."

"మరి ఆ పిల్లకి నా చెవుల్లోనే వాసన వస్తుంది కదా?"

"అందుకే ముగ్గురం అతుక్కుని కూర్చుంటాం. మూడూ కలిస్తే ఒక నిండు మనిషి వాసన. నీకు లోటేంటి?"

పైడిరాజుకి ఏదో తేడాగానే తోచింది. కానీ చూపులు పెట్టింది ఆదివారం. ఆ రోజు ఆలోచించడానికి ఎవరికీ వంతు లేదు. అంతే, ఒప్పేసుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే స్నానాలు చేసి నాడి వెతుక్కోవడం మొదలుపెట్టారు. గవరయ్యకి దొరికింది. పైడిరాజుకి దొరికింది. సన్యాసి మెడంతా తడుముకున్నాడు, దొరకలేదు. ఇంకేముంది, కూలబడిపోయి లబోదిబోమన్నాడు.

"ఓలమ్మో! నాడి లేదు వదినా! నేను పోయాను వదినా!"

"పోయినవాడివి అలా అరుస్తావేటి?" అంది వరాలమ్మ వంటింట్లోంచి.

"పోయాక అరవకూడదని నాకెవరూ చెప్పలేదు వదినా!"

వరాలమ్మ వచ్చి వీపు మీద ఒక్కటి చరిచింది. సన్యాసి గుండె దడదడా కొట్టుకుంది, దాంతో మెడలో నాడి ఎగిరింది. "వదిన బతికించింది!" అని అక్కడే బొట్టు వేసుకున్నాడు. అలా ఎవరి వాటా వాళ్ళు వేసుకుని నాగళ్ళపేట దారి పట్టారు.

రుద్దకూడదన్నాడు కదా సాయిబు! అందుకని గవరయ్య మణికట్లు దేనికీ తగలకుండా రెండు చేతులూ పైకెత్తుకుని నడిచాడు. సన్యాసి మెడ చొక్కా కాలరుకి తగలకుండా కొంగలా సాగదీశాడు. పైడిరాజు రెండు చెవులూ వేళ్ళతో ముందుకి వంచి పట్టుకున్నాడు. దారిలో ఒక బస్సు ఆగిపోయింది. డ్రైవరు గవరయ్యని చూసి, ముందెక్కడో దొంగలు తుపాకులతో నిలబడ్డారనుకుని తనూ చేతులెత్తేశాడు. బస్సులో ఉన్నవాళ్ళందరూ చేతులెత్తేశారు. ఒక ముసలమ్మ గాజులు తీసి కిటికీలోంచి చాపింది కూడా. "ఊళ్ళో అందరూ సెంటు పూసుకుని బయల్దేరినట్టున్నారు," అనుకున్నాడు గవరయ్య.

దాలినాయుడిది పెద్ద ఇల్లు. హాల్లో నాలుగు కుర్చీలు వేయించి, కండువా సర్దుకుని గుమ్మంలోకి ఎదురొచ్చాడు. "రండి రండి. దారిలో ఇబ్బందేమీ లేదు కదా? బాగున్నారా?"

ముగ్గురూ నోరు మెదపలేదు. ముందు పలకరించాల్సింది నిమ్మకాయ కదా! అది రాకముందే వీళ్ళు మాట్లాడితే మర్యాదేనా?

దాలినాయుడు మళ్ళీ అడిగాడు. "ఎండగా ఉంది కదూ?" జవాబు లేదు. గవరయ్య చేతులు పైన, సన్యాసి మెడ బయట, పైడిరాజు చెవులు ముందుకి. పైగా ముగ్గురూ వెళ్ళి ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నారు. ఆ కుర్చీ కీచుమని ఏడ్చింది. దాలినాయుడు వెనక్కి తగ్గి, "వరాలమ్మ మరిదికి ఏదో చిన్న లోపం ఉందంటే అనుకున్నాను గానీ, ఇంటిల్లిపాదీ మూగేనా?" అని గొణుక్కున్నాడు.

అప్పుడే లోపల్నించి నూకరత్నం గ్లాసుల పళ్ళెం పట్టుకుని వచ్చింది. గ్లాసుల్లో నిమ్మకాయ నీళ్ళు. ఆ వాసన తగిలిందో లేదో, ముగ్గురూ కుర్చీతో సహా లేచి నిలబడ్డారు.

"వచ్చారా! దయచెయ్యండి! మీకోసమే నోరు కట్టుకుని కూర్చున్నాం!" అని ఒక్క గొంతుతో అరిచారు. సన్యాసి ఒక గ్లాసుని రెండు చేతులా అందుకుని, పక్క కుర్చీలో పెట్టి, దానికి దండం పెట్టాడు.

దాలినాయుడికి ఏం చెయ్యాలో తోచలేదు. మిగిలిన కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చోబోయాడు.

"అయ్యయ్యో, లేవండి!" అని అరిచాడు సన్యాసి. "అది మరువం గారిది. కబుర్లు చెప్పడానికి వస్తారు."

దాలినాయుడు గబుక్కున లేచి రెండో దాంట్లో కూర్చున్నాడు.

"బావూ, అందులో అసలు కూర్చోకూడదు! అది వట్టివేరు గారి కుర్చీ. అసలు పెద్దమనిషి ఆయనే!"

"నా ఇంట్లో నేను కూర్చోడానికి వట్టివేరు సెలవివ్వాలా?" అని దాలినాయుడు ఎర్రగా అయిపోయాడు. సరిగ్గా అప్పుడే వీధిలో పోతున్న ఎవరో, "ఎక్కణ్ణించో మంచి వాసనొస్తోందే!" అన్నారు. ఇంకేముంది! "దాటింది! సెంటు చెయ్యి దాటిపోయింది!" అని గవరయ్య దాలినాయుడి భుజం మీది కండువా లాక్కుని, వీధిలోకి పరిగెత్తి, గాలిని లోపలికి తోలుకురావడం మొదలుపెట్టాడు. "హై! హై! లోపలికి పద!" అని వాసనని ఆవుని తోలినట్టు తోలాడు. ఆ దెబ్బకి వీధిలో నిజంగా పోతున్న ఆవొకటి హాల్లోకి వచ్చేసింది. వచ్చి, కుర్చీలో గ్లాసుడు నిమ్మకాయ నీళ్ళూ తాగేసింది.

"నిమ్మకాయ వెళ్ళిపోయారు," అన్నాడు సన్యాసి, గౌరవంగా లేచి నిలబడి.

నూకరత్నం పళ్ళెం కింద పెట్టి, గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. నవ్వాగాక అడిగింది. "నాన్నా, వీళ్ళలో పెళ్ళికొడుకెవరు?"

"వాసన ముగ్గురిదీనమ్మా, మనిషి మాత్రం వీడు," అని వీధిలోంచి వచ్చిన గవరయ్య పైడిరాజుని ముందుకి తోశాడు.

నూకరత్నం దగ్గరకొచ్చింది. గాలి పీల్చింది. "చెవులు బాగున్నాయి," అంది. ఇంకొంచెం పీల్చింది. మొహం చిట్లించింది. "కిందంతా ఆముదం."

"తొందరపడకమ్మా, ఇదీ కలుపుకో," అని గవరయ్య తన మణికట్టు ఆమె ముక్కు కింద పెట్టాడు. "ఇదీను," అని సన్యాసి మెడ సాచాడు. ఆ తోపులాటలో కుర్చీ విరిగింది, గవరయ్య ఆవు మీద పడ్డాడు, ఆవు దాలినాయుడి మీద పడింది.

"చాలించండి!" అని ఆవు కిందనించి దాలినాయుడు గర్జించాడు. "ఈ సంబంధం వద్దు, మీ పెద్దమనుషులూ వద్దు! గుమాస్తాకి కబురు చేస్తాను!"

పైడిరాజు చెవులు వదిలేశాడు. ఇంటి నుంచి బయల్దేరాక చేతులు దించడం అదే మొదలు. "చూడు," అన్నాడు నూకరత్నంతో. "నాకు ఆముదం పోదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ ఆ బాన దగ్గరే ఉన్నాను. నా వాటా చెవులవరకే వచ్చింది. తీర్థంలో నువ్వు పళ్ళు చూస్తుంటే చూశాను. పండనిది పండదని మొహం మీద చెప్పేశావు. నా సంగతీ అలాగే చెప్పెయ్యి. నేనేమీ అనుకోను."

ఆవు కూడా నమలడం ఆపింది.

నూకరత్నం తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, ఆ గుమాస్తా వచ్చినప్పుడు సీసాడు సెంటు నెత్తిన గుమ్మరించుకుని వచ్చాడు. ఆ కంపుకి మన పిల్లి ఇల్లొదిలి పోయింది, ఇంతవరకూ రాలేదు. వచ్చినంతసేపూ తన గొప్పలే. నేను నవ్వానా? ఇవాళ నవ్వి నవ్వి నాకు పక్కటెముకలు నొప్పెడుతున్నాయి. నేను ఇతన్నే చేసుకుంటాను."

"ఆముదం కంపు వద్దన్నది నువ్వే కదే!" అన్నాడు దాలినాయుడు. ఆవు ఇంకా లేవలేదు.

"అదేమీ మారలేదు," అంది నూకరత్నం. పైడిరాజు కళ్ళలోకి చూసి, "పెళ్ళినాడు సెంటు వద్దు, ఏమీ వద్దు. ఆముదం వాసన మా గుమ్మం బయట వదిలేసి లోపలికి రా. చాలు," అంది.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నేనైతే అననిద్దును కాదు.

పెళ్ళి దగ్గరపడింది. వరాలమ్మ పెళ్ళికూతురి వైపు పనులు చూడ్డానికి ముందుగానే నాగళ్ళపేట వెళ్ళిపోయింది. అంటే ఆ ఇంట్లో ఉన్న ఒక్క తెలివీ బండెక్కి వెళ్ళిపోయిందన్నమాట. అన్నదమ్ములు ముగ్గురూ కూర్చుని చర్చించారు.

"వాసన గుమ్మం బయట వదిలెయ్యాలి," అన్నాడు పైడిరాజు. "కానీ అసలు వాసన ఎక్కడుంది?"

"నీ ఒంటి మీద ఉన్నది కొసరురా," అన్నాడు గవరయ్య. ఆ రోజు ఆలోచించే వంతు అతనిది. "అసలుది బానలో ఉంది. కొసరు వదిలేసి అసలుది ఇంట్లో దాచుకుంటే ఆ పిల్లని మోసం చేసినట్టు కాదూ?"

"మహా పాపం," అన్నాడు సన్యాసి.

అంతే. పెళ్ళినాడు మేళతాళాలు ముందు, పెళ్ళికొడుకు తర్వాత, ఆ వెనకాల రెండెడ్ల బండి మీద, నిండుగా వండిన ఆముదంతో పొగలు కక్కే బాన. దారి పొడుగునా జనం ముక్కులు మూసుకుని అక్షింతలు వేశారు. నాదస్వరం ఊదేవాడు ఊపిరి పీల్చలేక ఒకే స్వరం మీద ఊరు దాటాడు. బాన దాలినాయుడి గుమ్మం దగ్గరికి వచ్చింది. గవరయ్య ఒక అంచు, సన్యాసి ఒక అంచు పట్టుకుని బండి దించి, సరిగ్గా గుమ్మానికి బయట నిలబడ్డారు.

లోపల్నించి వరాలమ్మ చూసింది. "ఒరే! ఏంట్రా అది! పట్టుకోండి! వదలకండి!"

"వదిలెయ్యమంది పెళ్ళికూతురు వదినా! ఇవాళ ఆవిడ మాటే మాట," అన్నాడు సన్యాసి.

"ఒకటీ, రెండూ, వదలరా!" అన్నాడు గవరయ్య.

వదిలేశారు. బాన భళ్ళుమంది. ఆ ఇంటి గచ్చు అద్దంలా నున్నటిది, పైగా లోపలికి వాలు. ఆముదం ఏరులా హాల్లోకి దూసుకుపోయింది. ముందు పురోహితుడు జారాడు. మంత్రం మధ్యలో ఆపకూడదు కనుక చదువుతూనే హాలంతా చుట్టు తిరిగాడు. మేళగాళ్ళు జారారు, డోలు వాయిస్తూనే జారారు. వీధి వైపుకొస్తున్న దాలినాయుడు పెరటి వైపు పోయాడు, పెరట్లోంచి వస్తున్న వంటవాళ్ళు వీధిలో తేలారు. గాడిపొయ్యి మీంచి దించిన పులిహోర గంగాళం తనంతట తాను బంతుల మధ్య తిరుగుతూ వడ్డించుకుంటూ పోయింది. ఇది నా కళ్ళతో చూసిన వాళ్ళు చెప్పిన మాట.

పెళ్ళికొడుకు అడుగు లోపల పెట్టాడు. ఇంకేముంది! గుమ్మం నుంచి బాణంలా బయల్దేరి, తెర కింద నుంచి దూసుకుపోయి, సరిగ్గా నూకరత్నం పక్కన పీట మీద వచ్చి ఆగాడు. మూడోసారి ఎదురుగా వెళుతున్న పురోహితుడు గడియారం చూసుకుని, "ఇదే ముహూర్తం! కట్టెయ్యి నాయనా, మళ్ళీ నేనిటు ఎప్పుడొస్తానో!" అని కేకేశాడు. కట్టేశాడు. పడుకున్న వాళ్ళు పడుకున్నట్టే అక్షింతలు వేశారు.

అప్పుడు నూకరత్నం పైడిరాజు వైపు వంగి గాలి పీల్చింది. మళ్ళీ పీల్చింది. పట్టుచీర, పూలజడ, పారాణి, తండ్రి, పురోహితుడు, అప్పడాలు, అందరూ అన్నీ ఆముదంలో మునిగే ఉన్నాయి.

"ఏ వాసనా రావడం లేదే!" అంది ఆశ్చర్యంగా.

"మరేటి! బయటే వదిలేశాం కదా," అన్నాడు పైడిరాజు గర్వంగా. నూకరత్నం ఆ పూట ఎంత నవ్విందంటే, తలంబ్రాలు పొయ్యడానికి వరాలమ్మ ఆమె చేతులు పట్టుకోవాల్సి వచ్చింది.

భోజనాల వేళకి చూస్తే గవరయ్య లేడు. ఊరంతా వెతికారు. చివరికి గుమ్మం బయట, పగిలిన బాన పెంకుల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని కనిపించాడు.

"లోపలికి రారాదూ, అన్నం చల్లారిపోతోంది," అంది వరాలమ్మ.

"ఎలా వస్తానే? మూడు తరాల వాసన ఇది. మా తమ్ముడు బయట వదిలేసి పోయాడు. పట్టపగలు వీధిలో పడుంది. నేను లేస్తే ఎవడో ఒకడు పట్టుకుపోడూ?"

ఎవరెంత చెప్పినా లేవలేదు. నూకరత్నానికి ఇద్దరు పిల్లలు పుట్టారు, పెద్దవాడికి గడ్డం వచ్చింది, గవరయ్య ఇప్పటికీ ఆ గుమ్మం బయటే కాపలా ఉన్నాడు.

ఏంటా నవ్వు? లే, లేచి చెప్పులు వేసుకో. అదిగో, అరటాకులో పులిహోర పొట్లం కట్టి పెట్టాను. నాగళ్ళపేట పోయి గవరయ్య చేతిలో పెట్టి రా. పాపం, పెళ్ళి భోజనం కూడా చెయ్యలేదు మనిషి. గచ్చు దగ్గర మాత్రం చూసి నడు.